గోడకి ఇటువైపు ఈత

నెరేయో కోస్సుత్తా ఈత గురించి త్రియెస్తే ఊళ్ళో వినని చెవి లేదు. చూసిన కన్ను మాత్రం లేదు.

అఖాతానికి అవతలి ఒడ్డున ముజ్జా అనే ఊరుంది. ఒక తుఫాను రోజున నెరేయో అక్కడిదాకా ఈదుకుంటూ పోయి, వేయించిన చేపలు పొట్లం కట్టించి, ఆ పొట్లం నెత్తిన పెట్టుకుని, భార్య నీవెస్‌కి వేడి చల్లారకుండా తెచ్చిచ్చాడు. మరోసారి మీరమారే కోట దాకా ఈదితే, నీళ్ళలోంచి లేచిన ఆ మీసాలు చూసిన కాపలావాడు వెనకటి రాజుగారే తిరిగొచ్చారనుకుని నిటారుగా నిలబడి వందనం చేశాడు. ఇంకోసారి నడిసముద్రంలో ఒక డాల్ఫిన్ ఎదురై, ఇతని వేగానికి సిగ్గుపడి పక్కకి తప్పుకుంది. వీటన్నిటికీ సాక్షి ఒక్కడే. నెరేయో.

అసలు సంగతేమిటంటే నెరేయోకి ఈత రాదు. రాదంటే అంతంతమాత్రంగా వచ్చని కాదు. రుబ్బురోలుకి ఎంత వచ్చో అంతే వచ్చు. ఊరి వెనక రాళ్ళ పీఠభూమి మీద పుట్టినవాడు. అక్కడ వాన పడీ పడకముందే నేల దాన్ని తాగేసి మూతి తుడుచుకుంటుంది. బకెట్టు కంటే లోతైన నీళ్ళు చూడకుండానే మీసాలు మొలిచాయి. పని కోసం కొండ దిగొచ్చి రేవులో కాఫీ బస్తాలు మోశాడు. ఒక ఆదివారం నాట్యశాలలో, ముజ్జా నుంచి వచ్చిన జాలరి కూతురు నీవెస్‌తో కలిసి ఆడాడు. జాలరి కూతురి దగ్గర బస్తాల మాట ఏం చెబుతాడు? "నేను గజఈతగాణ్ణి" అన్నాడు.

"నేను మాత్రం? మా నాన్న వలలోంచి జారిపోయిన చేపనే కదా" అంది నీవెస్.

ఆ మాటమీదే పెళ్ళయిపోయింది.

మరో ఊళ్ళో అయితే ఈ అబద్ధం మొదటి ఎండాకాలంలోనే బుడుంగున మునిగిపోయేది. ఈ ఊళ్ళో గోడ ఉంది కాబట్టి తేలింది. దీపస్తంభం పక్కన గులకరాళ్ళ స్నానాల రేవుంది, దాన్ని నిలువునా కోస్తూ తెల్లటి గోడ సముద్రంలోకి దిగుతుంది. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. చక్రవర్తుల కాలంలో కట్టారు. తర్వాత ఊరి మీద ఎన్ని జెండాలు మారాయో ఊరికే గుర్తు లేదు గాని, గోడ మీద ఒక్క ఇటుక మారలేదు. పగలగొడదామని ఏ పెద్దమనిషి అయినా అంటే ముందు గొడుగులెత్తేది ఆడవాళ్ళే. మొగుడి మొహం చూడకుండా ఎండలో పడుకునే చోటు లోకంలో ఇంకెక్కడుంది?

అలా నెరేయో, నీవెస్ నలభై ఎండాకాలాలుగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. అక్కడ విడిపోతారు. నెరేయో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చెంబుతో నెత్తిన నాలుగుసార్లు నీళ్ళు పోసుకుని, వచ్చి బ్రిస్కోలా పేకాటలో కూర్చుంటాడు. ఇక ఈత పని ఊచో చూసుకుంటాడు.

ఊచో ఒకప్పుడు రేవులో క్రేను నడిపినవాడు. గొంతు ఇంకా ఆ ఎత్తులోనే ఉండిపోయింది. పేక ముక్కల మీంచి కళ్ళెత్తకుండానే, లోతుకి హద్దుగా నీళ్ళలో తేలే బోయా వైపైనా చూడకుండా గోడ అవతలికి కేకేస్తాడు.

"నీవెస్! మీ ఆయన బోయా దాటేశాడు!"

"దాటనీ! రొట్టె మర్చిపోకుండా తినమను!" అని అటునుంచి నీవెస్.

కాసేపటికి అటునుంచి ఆమె నేస్తం బ్రూనా గొంతు లేస్తుంది. "నెరేయో! మీ ఆవిడ ఓడల దాకా పోయింది! అదిగో, నావికులు టోపీలు ఊపుతున్నారు!"

అది వినగానే నెరేయో పేక ముక్కలు కింద పెట్టేసేవాడు. పెళ్ళాం ఓడల దాకా పోతే మొగుడు బోయా దగ్గర ఆగితే ఏం మర్యాద? "ఒరే ఊచో, నన్ను ఇంకొంచెం దూరం పంపరా" అనేవాడు. అలా ఏటేటా దూరం పెరిగింది. ఈ లెక్కన ఇంకో రెండు ఎండాకాలాలు పోతే నెరేయో వెనిస్‌లో తేలి ఉండేవాడే.

ఇంతలో కొండల అవతలి దేశంలోని గ్రాజ్ ఊరి నుంచి లియోపోల్డ్ గారు దిగారు.

నీవెస్ ఇంట్లో సముద్రం వైపు గది ఎండాకాలంలో చుట్టాలకో, బయటివాళ్ళకో ఇస్తుంది. లియోపోల్డ్ గారు వాళ్ళ ఊరి ఈతగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పాతకాలపు ఊరు చూడాలని కెమెరా మెళ్ళో వేసుకుని వచ్చాడు. ఇక్కడి భాషని ఏ తాతలనాటి పుస్తకంలోనో నేర్చుకున్నాడు.

"నెరేయో మహాశయా! మీ నగరము మా మాతామహి నగలపెట్టె వలె ఉన్నది" అన్నాడు మొదటిరోజే, ట్రాము చూసి కళ్ళు తుడుచుకుంటూ. కాఫీ హోటల్లో తుప్పు పట్టిన అద్దాన్ని ఫొటో తీశాడు. చంటివాణ్ణి తిడుతున్న ముసలమ్మని ఫొటో తీశాడు. చొక్కా గుండీ ఊడిన నెరేయోని కూడా, "ఆహా, ప్రాచీనము!" అని ఫొటో తీశాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర నీవెస్ చిక్కుడు గింజలూ పులియబెట్టిన క్యాబేజీ వేసిన చారు వడ్డిస్తుంటే, నెరేయో తన ధోరణిలో తను ముజ్జా పొట్లం కథ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. లియోపోల్డ్ గారు చెంచా కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"దంపతులిరువురును ఈతగాండ్రా! మధ్యన గోడయా! ఎంతటి ప్రణయము! నాకొక కోరిక కలదు. గోడ ముగిసిన చోట, జలమధ్యమున, మీరిరువురు ఈదుచు వచ్చి కలిసికొనుడు. నేను ఆ ఛాయాచిత్రము తీసి మా సంఘపు గోడకు వ్రేలాడగట్టెదను."

నెరేయో గొంతులో చిక్కుడు గింజ అడ్డం పడింది. నీవెస్ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఒక్క క్షణమే.

"దానికేం భాగ్యం?" అంది నీవెస్. "ఏమయ్యా, నువ్వు రాగలవా, ముసలాడివైపోయావా?"

"నేనా?" అన్నాడు నెరేయో గింజ మింగి. "నువ్వొచ్చేలోపు నేను రెండుసార్లు వచ్చి పోతాను."

మర్నాడు మగవాళ్ళ వైపు పేకాట ఆగిపోయింది. నెరేయో మొహం ఉడకేసిన బంగాళాదుంపలా ఉంది.

"నిజం చెప్పెయ్యరా ముసలోడా" అన్నాడు ఊచో గొంతు తగ్గించి. ఊచో గొంతు తగ్గిస్తే పక్క వీధికి మాత్రమే వినిపిస్తుంది. అందుకని నెరేయో వాడి నోరు మూశాడు.

"చెబితే?"

"నవ్వుతుంది."

"నవ్వితే ఫరవాలేదురా. నవ్వకపోతే?"

నీవెస్ నలభై ఏళ్ళలో నెరేయో గురకని తిట్టింది, పేకాటని తిట్టింది, వాళ్ళమ్మని తిట్టింది, ఆమె పోయాక ఆమె ఫొటోని తిట్టింది. ఈతని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. చేపల బజారులో నిలబడి "మా ఆయన మొన్న ముజ్జా దాకా పోయొచ్చాడు" అంటున్నప్పుడు ఆమె మెడ ఒక వేలెడు పొడుగు సాగేది. ఆ మెడని చూడ్డానికే నెరేయో దొంగచాటుగా చేపల కొట్టు వెనక నిలబడేవాడు. ఈత పోతే ఆ మెడ పోతుంది. ఇక మిగిలేది గురకా, వాళ్ళమ్మ ఫొటోనూ.

"అయితే నేర్చుకో" అన్నాడు ఊచో.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. కప్ప ఈత నేర్పారు. పేకాటరాయుళ్ళంతా గురువులే.

"మోకాళ్ళు విప్పరా! విప్పి మూసెయ్!"

"వీడు ఈదుతున్నాడా, పిండి పిసుకుతున్నాడా?"

"కప్ప చూస్తే కేసు పెడుతుందిరా!"

బల్ల మీద బాగానే ఈదాడు. బల్ల కొంచెం ముందుకి కదిలిందని కూడా అన్నారు. తర్వాత నీళ్ళలో వదిలారు. నెరేయో తిన్నగా అడుక్కి పోయి, అక్కడ కూర్చుని, తాగడం మొదలెట్టాడు. నలుగురూ బయటికి లాగేసరికి రేవులో సముద్రం రెండు వేళ్ళు దిగిందని ఊచో ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఇక మిగిలింది సాకులు. ఒక రోజు నెరేయోకి చెవిపోటు. ఒక రోజు సముద్రంలో జెల్లీ చేపలు. ఒక రోజు ఎవరో మహాత్ముడి పండగ, ఆ రోజు ఈదితే పాపం. చిత్రమేమిటంటే ఏ సాకు చెప్పినా నీవెస్ ఎదురు చెప్పలేదు. పైగా "అవునవును, ఆ మహాత్ముడికి తడి గిట్టదు" అని వత్తాసు పలికింది. లియోపోల్డ్ గారు మాత్రం ప్రతి పొద్దునా కెమెరా తుడుచుకుని గుమ్మంలో నిలబడేవాడు.

చివరికి ఊచోకి బుర్ర వెలిగింది.

"బోరా!" అన్నాడు.

బోరా అంటే ఆ ఊరి గాలి. కొండ మీంచి సముద్రం మీదికి దూకుతుంది. అది వీచే రోజున త్రియెస్తేలో కోడి గుడ్డు పెడితే వెనిస్‌లో పగులుతుంది. ఒకసారి చర్చి దగ్గర ఒక పాదిరీగారి టోపీ ఎగిరిపోయింది. పాదిరీగారు దాని వెనక పరిగెత్తాడు, గాలి ఆయన వెనక పరిగెత్తింది. ముగ్గురిలో టోపీ ఒక్కటే తిరిగొచ్చింది. ఆ రోజుల్లో వీధి మలుపుల్లో జనం పట్టుకుని నడవడానికి మోకులు కడతారు.

"బోరా వీస్తే సముద్రాన్ని ఒడ్డు మీంచి లోపలికి తోసేస్తుంది కదరా" అన్నాడు ఊచో. "క్రేను మీంచి ఎన్నిసార్లు చూశానని! గోడ చివర నీ పీకల దాకా వస్తాయి నీళ్ళు, అంతే. అడుగున నడుచుకుంటూ పో. పైన చేతులు ఆడించు. నడుముకి మోకు కడతాం. నువ్వు జారితే మేం లాగేస్తాం. గోడ ఉందిగా, మమ్మల్నెవరు చూస్తారు?"

ఆ సాయంత్రమే నెరేయో భోజనం దగ్గర ఛాతీ విరుచుకున్నాడు. "చూడండి లియోపోల్డ్ గారూ. ఈ మందకొడి నీళ్ళలో పిల్లలు ఈదుతారు. నేను దిగితే బోరా రోజునే దిగుతాను."

ఈ మాటకి నీవెస్ బెదురుతుందనుకున్నాడు. వద్దు మొర్రో అంటుందనుకున్నాడు. అంతటితో గొడవ వదిలిపోతుందని లోపల చిన్న ఆశ కూడా ఉంది.

"హమ్మయ్య!" అంది నీవెస్. "నేనూ అదే అందామనుకుంటున్నాను. బోరా లేకుండా ఈతేమిటి?"

అమ్మో, ఎంత గట్టి మనిషిని కట్టుకున్నానురా దేవుడా అని నెరేయోకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కన నీవెస్ కూడా దొర్లుతూనే ఉంది. సంబరమేమో అనుకున్నాడు.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున్నే బోరా దిగింది. వీధిలో పూలకుండీలు మేడ దిగి నడుచుకుంటూ పోయాయి. చెత్తబుట్టలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ముగ్గురూ మోకు పట్టుకుని స్నానాల రేవుకి చేరేసరికి లియోపోల్డ్ గారి టోపీ, కళ్ళజోడు, గొడుగు ఆడ్రియాటిక్ సముద్రానికి సమర్పణ అయిపోయాయి. ఆయన మొహం మాత్రం పండగలా ఉంది.

"ఆహా! ఎంతటి ప్రాచీనమైన గాలి!"

గుమ్మం దగ్గర భార్యాభర్తలు విడిపోయారు. నీవెస్ వెళ్ళబోతూ వెనక్కి తిరిగి నెరేయో మీసం సర్దింది. ఎప్పుడూ సర్దేది కాదు.

"జాగ్రత్తయ్యా" అంది.

ఊచో చెప్పింది నిజమే. సముద్రం వెనక్కి జరిగి, ఎన్నడూ ఎండ ఎరగని గులకరాళ్ళు బయటపడి మెరుస్తున్నాయి. కెమెరాని రబ్బరు సంచిలో పెట్టుకుని లియోపోల్డ్ గారు ముందే గోడ చివర దాటి ఈదుకుంటూ పోయి, అక్కడ నీళ్ళలో బాతులా తేలుతూ సిద్ధంగా ఉన్నాడు. నెరేయో నడుముకి మోకు కట్టారు. పేకాటరాయుళ్ళంతా వరసగా గులకరాళ్ళలో మడమలు తన్ని పట్టుకుని కూర్చున్నారు.

"పోరా, ముజ్జా వీరుడా!" అని ఊచో వీపు మీద ఒక్కటిచ్చాడు.

నెరేయో దిగాడు. మోకాళ్ళు. నడుము. ఛాతీ. నీళ్ళు చల్లగా సూదుల్లా గుచ్చాయి. చేతులు మాత్రం బల్ల మీద నేర్చినట్టే విప్పి మూస్తున్నాడు. కాళ్ళు అడుగున రాళ్ళని వెతుక్కుంటూ ముసలి ఎండ్రకాయలా నడుస్తున్నాయి. వెనక ఊచో గొంతు బోరాని చీల్చుకుని లేచింది.

"నీవెస్! మీ ఆయన బాణంలా వస్తున్నాడు!"

అటునుంచి బ్రూనా: "నెరేయో! మీ ఆవిడ చేపలా వస్తోంది!"

నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గోడ చివర చెయ్యిచాపు దూరంలో ఉంది. అప్పుడు నెరేయో లియోపోల్డ్ గారి మొహం చూశాడు.

ఆయన కెమెరా ఎత్తి పట్టుకున్నాడు గాని ఫొటో తీయడంలేదు. గోడకి ఇటు చూస్తున్నాడు, నోరు తెరిచాడు. అటు చూస్తున్నాడు, ఇంకొంచెం తెరిచాడు. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. టెన్నిస్ ఆట చూస్తున్నవాడి మెడలా ఆ మెడ తిరుగుతోంది. ఆ గోడ పుట్టాక దాని రెండు వైపులూ ఒకేసారి అంత శ్రద్ధగా చూసిన మనిషి ఆయనే అయ్యుంటాడు.

ఏం చూశాడితను, అనుకుంటూ నెరేయో గోడ మలుపు తిరిగాడు.

ఎదురుగా నీవెస్. పూల రబ్బరు టోపీ గడ్డం దాకా బిగించుకుంది. నోరు గట్టిగా మూసుకుని, ముక్కు ఆకాశానికెత్తి, చేతులు విప్పి మూస్తోంది. విప్పి మూస్తోంది గాని మనిషి మాత్రం లేస్తూ దిగుతూ, అచ్చం నడుస్తున్నట్టే వస్తోంది. ఆమె నడుము వెనకనుంచి బట్టల దండెం తాడు ఒకటి నీళ్ళ మీద తేలుతూ ఆడవాళ్ళ ఒడ్డు దాకా పోయింది. దానికి ఇంకా రెండు క్లిప్పులున్నాయి.

ఇద్దరూ చేతులు ఆపలేదు.

"వచ్చావా?" అన్నాడు నెరేయో.

"ఎప్పుడో వచ్చాను. నీకోసమే తేలుతున్నాను."

"నేనూ తేలుతున్నాను."

"కాళ్ళు ఆడిస్తున్నావా?"

"ఓ, తెగ ఆడిస్తున్నాను. నువ్వో?"

"నా కాళ్ళు అసలు ఆగవుగా."

"మందహాసము చేయుడు! మందహాసము!" అని లియోపోల్డ్ గారు అరిచాడు. ఇద్దరూ పళ్ళు చూపించారు. కెమెరా క్లిక్కుమంది.

సరిగ్గా అప్పుడే బోరా కొండ మీంచి ఇంకో ఊపు ఊపింది. నీవెస్ కాలి కింద రాయి దొర్లింది. ఆమె చేతులు ఈత మర్చిపోయాయి. "నెరేయో!" అని ఒక్క కేక వేసి మెడ పట్టేసుకుంది. ఈతగాడు కదా, కాపాడతాడని. నెరేయో కూడా ఆమె నడుము పట్టేసుకున్నాడు. జాలరి కూతురు కదా, కాపాడుతుందని. ఇద్దరూ కలిసి బుడుంగుమన్నారు.

"జారాడ్రా! లాగండి!" అని ఇటు ఊచో.

"మునిగిందే! లాగండి!" అని అటు బ్రూనా.

మోకు ఒక వైపు బిగిసింది. దండెం ఇంకో వైపు బిగిసింది. మధ్యలో ముడిలా మొగుడూ పెళ్ళాం, ఒకర్నొకరు వదలరు. గోడ మీంచి ఒకరికొకరు కనిపించరు కాబట్టి ఇటు మగవాళ్ళు సముద్రమే లాగుతోందనుకున్నారు, అటు ఆడవాళ్ళూ సముద్రమే అనుకున్నారు. ఇటు బూతులు, అటు ప్రార్థనలు. కాసేపటికి అటు బూతులు, ఇటు ప్రార్థనలు. ఎంతటి క్రేను మనిషయినా ఏం చేస్తాడు? ఆ ఊళ్ళో ఆడవాళ్ళ వైపు రేవు పెద్దది, జనమూ ఎక్కువ, వాళ్ళు పొద్దున తిన్న తిండీ ఎక్కువే. మోకు మగవాళ్ళ చేతుల్లోంచి సర్రున జారిపోయింది. వరసంతా వెల్లకిలా పడింది.

అలా నెరేయో కోస్సుత్తా, భార్యతో కలిపి, ఒక్క లాగులో ఆడవాళ్ళ గులకరాళ్ళ మీద వచ్చి పడ్డాడు.

అరుపులు మొదలయ్యాయి. తువ్వాళ్ళు లేచాయి. పన్నెండేళ్ళు దాటిన మగపురుగు ఎన్నడూ కాలు పెట్టని చోటు అది. టిక్కెట్ల ఆవిడ ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఆగవమ్మా" అంది బ్రూనా, నెరేయో మీద పూలపూల గౌను ఒకటి కప్పుతూ. "పన్నెండేళ్ళ లోపు పిల్లాడే అనుకో. బుద్ధి చూస్తే తెలియడం లేదూ?"

నెరేయో ఇదేమీ వినడంలేదు. అతని కళ్ళు దండెం మీద ఉన్నాయి. నీవెస్ కళ్ళు మోకు మీద ఉన్నాయి. దగ్గి, ఉమ్మి, ఊపిరి తీసుకుని, ఇద్దరూ మళ్ళీ ఆ రెండు తాళ్ళనే చూశారు.

"జాలరి కూతురివి కదే" అన్నాడు నెరేయో చివరికి.

"జాలరి నీళ్ళ మీద బతుకుతాడయ్యా, నీళ్ళలో కాదు. నీళ్ళలో దిగినవాడు తిరిగి రాలేదని మా ఇంట్లో ఎవరికీ ఈత నేర్పలేదు." నీవెస్ టోపీ తీసి పిండింది. "ఇక ఓడల దాకా పోవడమంటావా..."

"బ్రూనా?"

"బ్రూనాయే. ముజ్జా చేపలు?"

"మన వీధి చివరి కొట్లోవి."

నీవెస్ టోపీలో మిగిలిన నీళ్ళు కూడా పిండింది. నవ్వలేదు. ఊచోతో తను అన్న 'నవ్వకపోతే?' నెరేయో చెవుల్లో మోగింది. ఉన్న ఒక్క గొప్పా పోయింది. రేపటినుంచి చేపల బజారులో ఆ మెడ మామూలు మెడే.

అప్పుడు గోడ అవతల, పడ్డచోటునుంచి లేస్తూ, ఖాళీ చేతులు చూసుకుంటూ, స్నేహితుడు ఏ సముద్రం పాలయ్యాడో తెలియక, తెలియకపోయినా స్నేహితుడి పరువు వదలక, ఊచో కేకేశాడు.

"నీవెస్! కంగారు పడకు! మీ ఆయన... మీ ఆయన దీపస్తంభం దాటేశాడు! బ్రహ్మాండంగా ఈదుతున్నాడు!"

పూల గౌనులో నెరేయో కళ్ళు మూసుకున్నాడు.

నీవెస్ పక్కకి తిరిగి అతణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. మీసంలో ఇరుక్కున్న నాచుపోగు తీసి పడేసింది. తర్వాత మెడ సాచింది. వేలెడు కాదు, జానెడు సాగింది.

"చూశానయ్యా ఊచో!" అని గోడ ఎగిరిపోయేలా కేకేసింది. "ఇప్పుడే నా పక్కనుంచి పోయాడు! ముజ్జాలో చేపలు తెస్తానన్నాడు, నీకూ కావాలా?"